కటీఫ్, దోస్తీ

హైదరాబాద్‌లో శోభాయాత్రలు సాగే దారిలో కొన్ని మసీదులకు ముందే తెల్లగుడ్డ కప్పుతారు. రంగు పడకూడదని, రాయి పడకూడదని, గొడవ రాకూడదని. బందోబస్తు లెక్కలో అది మంచి ఏర్పాటే. నాన్న బండి మీద ముందు నిలబడి ఆ దారిన పోయే ఆరేళ్ల పిల్ల మాత్రం ‘ఎందుకు కప్పారు?’ అని అడుగుతుంది. దానికి జవాబు చెప్పే పీరియడ్ మన బడుల్లో లేదు. ఇంట్లో దొరికే జవాబు, పిల్ల ఏ ఇంట్లో పుట్టిందన్న దాన్ని బట్టి మారిపోతుంది.

బడిలో పిల్లలు కొట్టుకుంటే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. టీచర్ ఇద్దరినీ నిలబెట్టి ‘సారీ చెప్పు, చెయ్యి కలుపు’ అంటారు. అరనిమిషంలో రాజీ. ఎవరు ఎందుకు కొట్టారో అడగరు. నలభై మంది ఉన్న తరగతిలో అడిగే తీరికా ఉండదు. పిల్లల పద్ధతి వేరు. చిటికెన వేలు చూపించి కటీఫ్ అంటారు. రెండు రోజులు మొహాలు చూసుకోరు. మూడోరోజు బంతి ఒకరి దగ్గర, బ్యాటు ఇంకొకరి దగ్గర ఉంటాయి. రెండు వేళ్లు చాచి దోస్తీ అంటారు. ఎందుకు అలిగారో ఇద్దరికీ గుర్తే, అయినా ఆట మొదలవుతుంది.

అలిగినా మళ్లీ కలవడాన్ని ఉత్తర ఐర్లండ్‌లో పెద్దలు చాలా ఆలస్యంగా నేర్చుకున్నారు. కేథలిక్, ప్రొటెస్టంట్ వర్గాల మధ్య మూడు దశాబ్దాల పోరులో అక్కడ సుమారు 3,500 మంది చనిపోయారు. బాంబులు పేలుతున్న రోజుల్లోనే, 1981లో, కొందరు తల్లిదండ్రులు రెండు వర్గాల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి 28 మందితో లాగన్ కాలేజీ అనే బడి తెరిచారు. 2002 నుంచి బెల్‌ఫాస్ట్ ప్రాథమిక బడుల్లో అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ బృందం క్షమను పాఠంగా చెప్పించింది. అందులో మాకు నచ్చింది ఒకటుంది. క్షమించడమంటే తప్పును ఒప్పనడం కాదు, మరచిపోవడం కాదు, న్యాయం అడగడం మానుకోవడం అంతకన్నా కాదు అని పిల్లలకు ముందే చెబుతారు. మన ‘సారీ చెప్పు’లో లోపించింది ఇదే. అలాగని అక్కడ అద్భుతాలేమీ జరగలేదు. ఇప్పటికీ ఉమ్మడి బడుల్లో చదివేది పదోవంతు కన్నా తక్కువ మందే. 1998 శాంతి ఒప్పందం తర్వాత కూడా బెల్‌ఫాస్ట్ వాడల మధ్య గోడలు కూలలేదు.

మనకు అలాంటి గోడ లేదు. నగరంలో కొన్ని సర్కారు బడుల్లో ఒకే ఆవరణలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం నడుస్తాయి. ఐదేళ్లు పక్క గదుల్లో చదివినా ఆ పిల్లలకు ఒకరి పేరు ఒకరికి తెలియాలని లేదు. గురుకులాలు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అని విడివిడిగా వచ్చాయి. వాటి వల్ల పేదపిల్లలకు జరిగిన మేలు చిన్నది కాదు. అందరినీ ఒకే ప్రాంగణంలోకి తెచ్చే సమీకృత గురుకులాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో పునాది వేసింది. ప్రాంగణం ఒకటైనంత మాత్రాన సరిపోదు, మెస్సులో భోజనాల బంతి కూడా ఒకటి కావాలి. 2018 చట్టంతో ఉర్దూ మీడియం పిల్లలకు సైతం తెలుగు తప్పనిసరి అయింది, మంచిదే. 2017లో రెండో అధికార భాషగా రాష్ట్రమంతటికీ విస్తరించిన ఉర్దూ మాత్రం తెలుగు పిల్లల పలక మీదికి రాలేదు. కటీఫ్, దోస్తీ వాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి కదా!

ఇక చరిత్ర. గల్లీకి ఇటువైపు ఇంట్లో 1948 అంటే రజాకార్ల దాష్టీకం, విమోచన. అటువైపు ఇంట్లో అదే ఏడాది భారత సైన్యం జరిపిన ‘పోలీసు చర్య’ తర్వాత ఊళ్లలో పోయిన ప్రాణాలు. ఆ మరణాలు 27 వేల నుంచి 40 వేల వరకు ఉండొచ్చని అప్పట్లో కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా. రెండూ జరిగినవే. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు ఆ ఏడాది ఆగస్టులో రజాకార్ల చేతిలో హతుడయ్యాడు. మా వృత్తివాడు కనుక ఆయన పేరు ఎత్తుతున్నామని అనుకున్నా ఫర్వాలేదు. ఆయన కథ విన్న పిల్లవాడు మనుషులను మతాన్ని బట్టి రెండు వరసలు కట్టలేడు. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ మూడింటినీ తట్టుకోగలరు. 1990 డిసెంబరు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయిన నగరం ఇది. ఆనాడు కర్ఫ్యూలో తలుపులు బిగించుకుని కూర్చున్న పిల్లలే నేటి తల్లిదండ్రులు. వాళ్లు చెప్పకపోతే ఫోన్ చెబుతుంది, తన లెక్కలో.

చెప్పడానికి మంచి సంగతులూ ఉన్నాయి. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు, సెప్టెంబరు 28న వచ్చాయి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లోనూ, 2025లోనూ అలాగే వాయిదా వేసుకున్నారు. దీన్ని తరగతిలో చెప్పాలి. చెప్పినప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు లేచి ‘ప్రతిసారీ వాళ్లే తగ్గాలా సార్?’ అంటాడు. కసిరి కూర్చోబెట్టవద్దు. దానికి జవాబు సార్ దగ్గర ఉండదు, ఉత్సవ కమిటీల దగ్గర ఉంటుంది. రెండు కమిటీల పెద్దలనూ ఒక శనివారం బడికి పిలిచి, ఆ పిల్లవాడి ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టాలి.