చట్నీ పలచబడితే అది ఎన్‌షిటిఫికేషన్ కాదు

ఇప్పుడే ఒక పోస్టు చూశా. టిఫిన్ సెంటర్లో చట్నీ నీళ్లగా ఉందట, దానికి "ఎన్‌షిటిఫికేషన్" అని పేరు. కింద అందరూ "కరెక్ట్ బ్రో". కాదండీ! చట్నీ బాగోకపోతే రేపు పక్క బండి దగ్గరికి పోతారు. యాప్‌లు, వెబ్‌సైట్లు నడిపే కంపెనీలు మనల్ని పోలేకుండా కట్టేసి పిండుకోవడానికి పెట్టిన పేరది.

2022 నవంబరులో కోరీ డాక్టరో అనే రచయిత తన బ్లాగులో ఈ మాట వాడాడు. నడిమి ముక్క పాత ఇంగ్లీషు నాటి బూతు, చివర లాటిన్ నుంచి వచ్చిన 'ఇఫికేషన్'. కలిపితే పనిగట్టుకుని పెంట చేయడం. ఆ "పనిగట్టుకుని"నే అందరూ వదిలేస్తున్నారు. బూతున్నా సరే, అమెరికన్ డయలెక్ట్ సొసైటీ 2023కి, ఆస్ట్రేలియా మాక్వరీ డిక్షనరీ 2024కి దీన్నే ఆ ఏటి మాటగా ఎంచుకున్నాయి.

దీనికో వరస ఉంది. ముందు ఆ కంపెనీల వాళ్లు జనానికి అన్నీ చవగ్గా ఇచ్చి అలవాటు చేస్తారు. జనం ఇరుక్కున్నాక వాళ్లని అమ్మకందారులకూ యాడ్స్ ఇచ్చేవాళ్లకూ అప్పజెబుతారు. వాళ్లూ ఇరుక్కున్నాక ఇద్దరినీ పిండుతారు. షాపింగ్ యాప్‌లో ఛార్జర్ అని వెతకండి, పై వరసల్లో "స్పాన్సర్డ్" అనే కనపడుతుంది. అమ్మేవాడు ఆ చోటుకి డబ్బు కట్టాలి, కట్టింది ధరలో కలిపేస్తాడు. చివరికి కట్టేది కొన్నవాడే. ప్రైమ్ వీడియో చూడండి: చందా కట్టిన వాళ్లకే 2024 జనవరిలో అమెరికాలో, 2025 జూన్‌లో మన దగ్గర యాడ్స్ మొదలుపెట్టింది. వద్దంటే పైన ఇంకో డబ్బు.

దీనికి "నచ్చకపోతే డిలీట్ చెయ్" అని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఎప్పటినుంచో ఒళ్లు మంట. ఎక్కడికి పోవాలి? బడి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పెద్దమ్మ వాళ్లు అంతా ఒకే యాప్‌లో ఉంటే ఒక్కడు బయటికెళ్లి ఎవరితో మాట్లాడతాడు?

ఫోన్ నంబరు విషయంలో ఈ బాధ 2011 జనవరిలోనే తీరింది. పోర్ట్ అని, పక్కన నంబరు కొట్టి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది. అది పట్టుకెళ్తే నంబరు మారకుండా కంపెనీ మారిపోవచ్చు. కంపెనీలు దయతలచి ఇచ్చింది కాదది, రూల్ పెట్టి ఇప్పించారు. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ అనే చట్టం వాట్సాప్‌ను వేరే యాప్‌లతో మెసేజ్‌లు కలపమంది. నంబరుకి ఇచ్చిన హక్కు మన పరిచయాలకి ఎందుకివ్వరు? ఎంపీలను అడగాల్సింది అది.