గొంతు పెంచని రాజకీయం: ‘బ్లోఅవుట్ కోంబ్’ని ఇప్పటికైనా వినాలి

1994 అనగానే హిప్-హాప్ అభిమానులు రెండు పేర్లు చెబుతారు. ఏప్రిల్‌లో వచ్చిన నాస్ ‘ఇల్‌మాటిక్’, సెప్టెంబర్‌లో వచ్చిన నొటోరియస్ బి.ఐ.జి. ‘రెడీ టు డై’. ఆ రెండింటి గొప్పతనం మీద నాకు పేచీ లేదు. నా బాధంతా ఆ వరసలో కనిపించని మూడో పేరు గురించి. ‘రెడీ టు డై’ వచ్చిన నెల తర్వాత, ఆ బి.ఐ.జి. (అభిమానులకు బిగ్గీ) ఊరైన న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనే, అతను పెరిగిన వీధి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఫోర్ట్ గ్రీన్ పేట నుంచి ఇంకో ఆల్బమ్ వచ్చింది. డిగబుల్ ప్లానెట్స్ బృందం చేసిన ‘బ్లోఅవుట్ కోంబ్’. ఆ ఏడాది ర్యాప్‌లో అంత పదునైన రాజకీయం మరొకటి లేదని నా గట్టి నమ్మకం. కానీ దాన్ని అలా విన్నవాళ్లు తక్కువ. ఎందుకంటే వాళ్లు అరవలేదు.

బృందంలో ముగ్గురు. బటర్‌ఫ్లై, లేడీబగ్ మెకా, డూడుల్‌బగ్. అన్నీ పురుగుల పేర్లే. చీమల్లా, తేనెటీగల్లా కలిసి బతకాలి, కలిసి కట్టుకోవాలి అనే ఆలోచనతో పెట్టుకున్న పేర్లు. 1993లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో, ఆర్ట్ బ్లేకీ జాజ్ బృందం వాయించిన ఒక ముక్క మీద అల్లిన పాట అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 15వ స్థానం దాకా వెళ్లింది. 1994లో గ్రామీ కూడా తెచ్చింది, అదీ డాక్టర్ డ్రే, స్నూప్ డాగ్‌ల పాటతో పోటీపడి. అవార్డు అందుకున్న వేదిక మీదే బటర్‌ఫ్లై, అంటే ఇష్మాయెల్ బట్లర్, ఖరీదైన సీట్లలో కూర్చున్నవాళ్లకి ఆ హాలు తలుపు అవతలే ఇల్లు లేని మనుషులున్నారని గుర్తు చేశాడు. వీళ్లు ఎటు వెళుతున్నారో ఆ మాటతోనే తెలిసిపోవాల్సింది. మొదటి ఆల్బమ్‌లోనే స్త్రీల అబార్షన్ హక్కు మీద పూర్తి పాట ఉంది. అయినా మార్కెట్ వాళ్లకి ‘కూల్ జాజ్ కుర్రాళ్లు’ అనే చీటీ అంటించేసింది.

రెండో ఆల్బమ్ ఆ చీటీని చింపేసింది. లోపలి పుస్తకాన్ని, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ పత్రిక నమూనాలో వేశారు. 1960ల చివర్లో నల్లజాతి పేటల్లో చేతికి చేతికి మారిన పత్రిక అది. ఇక పేరు చూడండి. బ్లోఅవుట్ కోంబ్ అంటే ఆఫ్రో జుట్టుని పైకి దువ్వి నిలబెట్టే పొడవాటి పళ్ల దువ్వెన. జుట్టుని మందులతో, వేడితో సాగదీసి తెల్లవాళ్ల జుట్టులా కనిపించేట్టు చేసుకోవాలని ఒత్తిడి ఉన్న సమాజంలో, ఉన్న జుట్టుని ఉన్నట్టుగా పెంచి తలెత్తుకు తిరగడమే ఒక ప్రకటన. ఇంట్లో అద్దం దగ్గర పడి ఉండే వస్తువుని వాళ్లు జెండా చేసుకున్నారు.

ఇప్పుడు ఆ శబ్దం దగ్గరికి వద్దాం, నన్ను పట్టి ఆపింది అదే. మామూలుగా ర్యాప్ పాటలో గొంతు ముందుంటుంది, సంగీతం దాని వెనక నిలబడుతుంది. ఇక్కడ గొంతులు సంగీతం లోపలికి దిగిపోతాయి. బేస్ గిటార్ ఎంత ఎత్తులో ఉందో మాట కూడా అంతే ఎత్తులో ఉంటుంది. మొదటిసారి వింటే సగం మాటలు జారిపోతాయి. నాలుగోసారి వినేసరికి ఎవరో పక్కన నడుస్తూ మనతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. లేడీబగ్ మెకా గొంతు ముఖ్యంగా గమనించండి. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా నిరూపించుకోవాలన్న టెన్షన్ లేదు. పాట మధ్యలో వాద్యాలు చాలాసేపు వాటి దారిన అవి సాగుతాయి, గొంతులు తీరిగ్గా తిరిగొస్తాయి. రెండు తరాల వెనకటి సోల్, జాజ్ ఫంక్ ముక్కలూ, కొత్తగా పిలిపించి వాయించిన వాద్యాలూ కలిసిపోయి ఏది పాతదో ఏది కొత్తదో తెలియకుండా పోతుంది.

ఈ తీరుబడిని రాజకీయం అని ఎందుకంటున్నానో చెప్పాలి. ‘రెడీ టు డై’ విడుదలైన రోజే, 1994 సెప్టెంబర్ 13న, అధ్యక్షుడు క్లింటన్ క్రైమ్ బిల్లు మీద సంతకం పెట్టాడు. మరిన్ని జైళ్లు, మరింత మంది పోలీసులు, మూడో తీవ్రమైన నేరానికి జీవితఖైదు. టీవీ వార్తల్లో నల్లజాతి కుర్రాడు అంటే క్రాక్ మత్తుమందు, తుపాకి, సంకెళ్లు. సరిగ్గా ఆ కాలంలో ముగ్గురు కుర్రవాళ్లు తమ వీధిలో తాము హాయిగా నడుస్తున్నారు. స్నేహితుల్ని పలకరిస్తున్నారు, మూల మీద నిలబడుతున్నారు, పాత రికార్డుల గురించీ ఉద్యమ ఖైదీల గురించీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. మీ భయం మాకు అక్కర్లేదు, ఇది మా ఇల్లు అని చెప్పడానికి ఇంతకంటే బలమైన పద్ధతి నాకు తెలియదు. కోపాన్ని పాట చేసినవాళ్లు అప్పుడు చాలామంది ఉన్నారు. తమ పేట మీద ప్రేమని ఇంత ఓపిగ్గా వాదన చేసినవాళ్లు వీళ్లే.

హిట్ సింగిల్ లేదు కాబట్టే ఆల్బమ్ ఆడలేదని కొందరంటారు. నిజమే, మొదటి ఆల్బమ్ గోల్డ్ అయింది, అంటే అయిదు లక్షల కాపీల గుర్తింపు పొందింది, దీనికి ఆ అమ్మకాలు రాలేదు. నోట్లో నానే పల్లవులు తక్కువ, ఏడు నిమిషాల దాకా సాగే పాటలున్నాయి. కానీ అది అమ్మకాల లెక్క. ఆల్బమ్ విలువ లెక్క వేరు. పైగా ఈ పాటల్ని మూడు నిమిషాలకు కోస్తే ఆ నడకే పోతుంది.

గొంతు పెద్దదైతేనే ధైర్యం అనుకునే అలవాటు మనకీ ఉంది. మన సినిమాల్లో ర్యాప్ ఎక్కువగా హీరో ఎంట్రీకే వాడతారు, అక్కడ పని అంతా శబ్దానిదే. కొత్తగా తెలుగులో ర్యాప్ రాస్తున్న పిల్లలకి నేను ముందు వినమని చెప్పేది ఈ ఆల్బమే. మీ వీధి పేరు, మీ బస్టాప్ పేరు మామూలు గొంతుతో చెప్పండి.

వీధి పేరు అంటున్నది ఊరికే కాదు. ఫోర్ట్ గ్రీన్‌కి తర్వాత ఏమైందో చూస్తే అర్థమవుతుంది. నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ 1930ల చివర్లో తన నవల రాసుకున్న పార్కు అక్కడే ఉంది. దర్శకుడు స్పైక్ లీ సినిమా కంపెనీ పెట్టుకున్నదీ అక్కడే. 1990ల మొదట్లో కళాకారులు, సంగీతకారులు, కవులు అద్దె కట్టుకోగలిగిన నల్లజాతి పేట అది. తర్వాత డబ్బున్నవాళ్లు వచ్చారు, అద్దెలు పెరిగాయి, పాతవాళ్లు మెల్లగా ఖాళీ చేశారు. ఆ పక్కనే ప్రభుత్వం భూములు సేకరించి ఇచ్చిన చోట 2012లో బార్‌క్లేస్ సెంటర్ అనే పెద్ద ఇండోర్ స్టేడియం తెరిచారు. తొలి కచేరీలు చేసింది బ్రూక్లిన్‌లోనే పుట్టిన ర్యాపర్ జే-జీ. 2014లో స్పైక్ లీ అదే ప్రాంతంలోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో మాట్లాడుతూ, తెల్లవాళ్లు వచ్చాకే ఈ పేటలకు మంచి బడులు, చెత్త బండ్లు ఎందుకొచ్చాయని మండిపడ్డాడు. ఆయనకి అప్పుడొచ్చిన కోపం వెనక ఏం పోగొట్టుకున్నామో తెలియాలంటే, అంతకు 20 ఏళ్ల ముందు రికార్డయిన ‘బ్లోఅవుట్ కోంబ్’ వినాలి. రియల్ ఎస్టేట్ కాగితాల్లో ఆ పేట విలువ చదరపు అడుగుల్లో ఉంటుంది. ఇక్కడ అది మనుషుల పలకరింపుల్లో ఉంది. పేటని ఖాళీ చేయించేవాళ్లు ముందు చేసే పని అక్కడ ఇంతకుముందు ఏమీ లేదన్నట్టు మాట్లాడటం. ఆ మాట అబద్ధమనడానికి ఈ గంటసేపటి సంగీతమే సాక్ష్యం. ఏ నగరంలో బస్తీ పోయినా నాకు ఇదే గుర్తొస్తుంది: వాళ్ల పాట ఎవరైనా రికార్డు చేశారా?

1995లో బృందం విడిపోయింది. బట్లర్ సియాటిల్‌లో షబాజ్ పాలసెస్ పేరుతో 2011లో మళ్లీ గొప్ప ఆల్బమ్ తెచ్చాడు. 2013లో ‘బ్లోఅవుట్ కోంబ్’ వినైల్ మీద తిరిగి వచ్చింది, కొత్త తరం కొంత విన్నది. అది చాలదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ఈ ఆల్బమ్‌లోని ‘బరో చెక్’ పాటతో మొదలుపెట్టమంటాను. జాజ్ ఫంక్ సంగీతకారుడు రాయ్ అయర్స్ 1970ల మొదట్లో బ్రూక్లిన్ బతుకు మీద చేసిన పాట అడుగున వినిపిస్తుంటుంది. దాని మీద ‘గ్యాంగ్ స్టార్’ అనే ర్యాప్ జంటలోని గురు వచ్చి కలుస్తాడు. గురు 2010లో చనిపోయాడు, ఆ పేటలో పాతవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. పాటలో మాత్రం ఆయన ఆ పొడి గొంతుతో, స్వరం ఒక్క మెట్టు కూడా పెంచకుండా, తన బ్రూక్లిన్ గురించి చెబుతూనే ఉన్నాడు.