‘పీఎఫ్‌ఓఏ ఫ్రీ’ సరే, మంట సంగతేంటి?

విజయవాడ బీసెంట్ రోడ్డులో నాన్‌స్టిక్ పెనం కొనబోతే ముందు కళ్లబడేది ‘పీఎఫ్‌ఓఏ ఫ్రీ’ స్టిక్కర్. పీఎఫ్‌ఓఏ అంటే నాన్‌స్టిక్ పూత తయారీలో వాడిన రసాయనం. 2019లో, మొండి విషరసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం నిర్మూలన జాబితాకెక్కింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దాన్ని క్యాన్సర్ కారకంగా తేల్చింది. అది పోవడం మంచిదే. కానీ పెనం మీదున్న పూత పీటీఎఫ్‌ఈ, అంటే టెఫ్లాన్. 1938లో బయటపడ్డ ఆ ప్లాస్టిక్ వేడికి ఎలా ప్రవర్తించేదో ఇప్పుడూ అలాగే ప్రవర్తిస్తుంది.

గీతలు పడితే పారేయమని, పొట్టు కడుపులోకి పోతే ప్రమాదమని చెప్పేవాళ్లున్నారు. పీటీఎఫ్‌ఈ పొట్టు ఒంటికి పట్టదు, అరగకుండా అలాగే బయటికి పోతుంది. భయపడాల్సింది పొగకు.

పెసరట్టుకు 200 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు. నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరైపోకుండా పూసల్లా దొర్లాయంటే ఆ వేడి వచ్చేసినట్టే, ఇక సిమ్‌లో పెట్టాలి. పిండి పడ్డాక అందులోని నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. ఖాళీ పెనానికి ఆ కాపలా లేదు. పల్చటి అల్యూమినియం పెనం పెద్ద బర్నర్ మీద కొద్ది నిమిషాల్లోనే 260 దాటగలదు. అక్కడ పూత నెమ్మదిగా చెడటం మొదలవుతుంది, 350 దాటితే పూతలోని అణువుల గొలుసులు తెగి విషవాయువులు వేగంగా వెలువడతాయి. పంజరంలో చిలక ఉంటే చచ్చిపోతుంది. మనిషికి కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, దగ్గు. ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుంటాం.

మన గుంటూరు వంటిళ్లలో ఇంకో చిక్కుంది. కారప్పొడికి ఎండుమిర్చిని చాలాసార్లు నూనె చుక్క లేకుండానే వేయిస్తాం. దగ్గొస్తే నింద మిర్చి ఘాటు మీదికి పోతుంది, పూత పొగ ఆ చాటున దాక్కుంటుంది. కాబట్టి మిర్చి, పల్లీలు, కందిపప్పు ఇనుప మూకుడులోనే వేయించాలి. నాన్‌స్టిక్‌ను అట్లకు, ఆమ్లెట్‌కు ఉంచాలి. వేడి పెనాన్ని కుళాయి కింద పెట్టకూడదు: లోహం ఒక్కసారిగా ముడుచుకుని అడుగు వంగుతుంది, పూత పట్టు వదులుతుంది.

ఇవేవీ అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండవు. అమ్మకానికి పనికొచ్చే మాటకే అక్కడ చోటు. మన మిర్చి రైతు వాడే పురుగుమందు డబ్బా మీద ఎంత విషమో చెప్పే రంగు ఉంటుంది: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. పొలంలో ఇచ్చిన ఆ మర్యాద వంటింటికి ఎందుకు లేదు? ‘ఖాళీగా కాల్చకండి, 260 డిగ్రీలు దాటనివ్వకండి’ అని పెనం పిడి మీదే, తెలుగులో, చెరగకుండా అచ్చు వేయించేలా నిబంధన తేవాలి.