తడవనివాడి తాపత్రయం

వానలో కొండబాట మీద సైకిలు తొక్కుతూ పొడిగా ఉండాలన్న కోరికను చాపల్యమని కొట్టిపారేసేవారు ఉన్నారు. నేను వారిలో ఒకణ్ణి కాను. నీటిలోకి దిగి తడవకుండా బయటికి రావాలన్నది మనిషికి అనాదిగా ఉన్న కోరిక. అందుకోసం పూర్వులు తపస్సు చేశారు, మనం జాకెట్టు కొంటున్నాం. తపస్సు ఫలించనివారు రసీదు పట్టుకుని తిరిగి వెళ్లినట్టు ఎక్కడా లేదు కానీ, జాకెట్టు ఫలించనివారు వెళ్తూనే ఉన్నారు.

మన వేదాంతులు మనిషి బాధలను మూడుగా విడదీసి తాపత్రయం అన్నారు. దైవం వల్ల కలిగేది ఆధిదైవికం, చుట్టూ ఉన్న భూతాల వల్ల కలిగేది ఆధిభౌతికం, తనలోంచే పుట్టేది ఆధ్యాత్మికం. కాలక్రమంలో ఆ మాటను మనం ఉత్త ఆరాటమనే అర్థానికి దించేసుకున్నాం. వానలో మౌంటెన్ బైక్ తొక్కేవాడి విషయంలో మాత్రం శాస్త్రార్థమూ వాడుకార్థమూ ఒకేసారి సరిపోతాయి: అతనికి పైనుంచి వాన, కిందినుంచి బురద, లోపలినుంచి చెమట. మొదటి రెండింటికీ ఇతరులను నిందించవచ్చు. మూడోది అతని స్వార్జితం.

వానకు మందు కనిపెట్టి రెండు వందల ఏళ్లు దాటింది. 1823లో చార్లెస్ మాకింటాష్ అనే స్కాట్లాండు రసాయనవేత్త రబ్బరును నాఫ్తా అనే ద్రావకంలో కరిగించి, రెండు గుడ్డల నడుమ పూసి, నీరు చొరని బట్టకు పేటెంటు పొందాడు. ఆ బట్ట చలికి బిరుసెక్కేది, వేడికి జిగటగా మారేది, కంపు కొట్టేది, లోపలి మనిషిని అతని ఆవిరిలోనే ఉడికించేది. అయినా వానను మాత్రం రానిచ్చేది కాదు. ఉడికించే విషయంలో చవక రెయిన్‌కోట్లు ఈనాటికీ ఆ సంప్రదాయాన్ని నిష్ఠగా పాటిస్తున్నాయి. తర్వాత 1969లో, అమెరికాలో రాబర్ట్ గోర్ అనే ఆయన వేడిచేసిన పీటీఎఫ్‌ఈ కడ్డీలను, అంటే అంటుకోని పెనాలకు పూసే పదార్థాన్నే, ఎంత నెమ్మదిగా సాగదీసినా తెగిపోతున్నాయని విసిగి, ఒకదాన్ని ఒక్క గుంజు గుంజాడు. అది తెగకుండా సాగి, కంటికి కనబడని రంధ్రాలతో నిండిపోయింది. గోర్-టెక్స్ పొర పుట్టుక అది. దాని సూత్రం చాలా న్యాయమైనది: ఆ రంధ్రం నీటిబొట్టు దూరలేనంత చిన్నది, ఆవిరి అణువు సులువుగా దాటగలిగేంత పెద్దది, కనుక వాన బయటే ఆగిపోతుంది, చెమట ఆవిరై వెళ్లిపోతుంది. ఇంత విచక్షణ గల ద్వారపాలకుణ్ణి పురాణాలు కూడా చూపలేదు.

ఇటువంటి జాకెట్లకు వేలాడే చీటీ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 10,000 మిల్లీమీటర్లనో, 20,000 అనో ఉంటుంది. పది వేలంటే, బట్ట మీద పది మీటర్ల ఎత్తున నీటిని నిలబెట్టినా అది ఊరదని అర్థం. నేను ఇంతవరకు పది మీటర్ల నీటి కింద సైకిలు తొక్కలేదు. తొక్కవలసి వస్తే నా మొదటి ఫిర్యాదు జాకెట్టు గురించి అయి ఉండదు. అయితే ఆ అంకె ఉత్త గొప్ప కోసం కాదని ఒప్పుకోవాలి. వీపుసంచి పట్టీలు భుజాలను నొక్కే చోటా, తడిసిన సీటు మీద పూర్తి బరువుతో కూర్చునే చోటా ఒత్తిడి ఎక్కువ కనుక, నీరు తన పలుకుబడిని అక్కడే ఉపయోగిస్తుంది.

చీటీ చెప్పని సంగతి పైపూత గురించినది. కొత్త జాకెట్టు మీద వాన తామరాకు మీది నీటిబొట్టులా నిలిచి జారిపోతుంది. తామరాకు మీద మైనం పూసిన అతి సన్నని బుడిపెలు ఉండి, బొట్టు ఆకును పూర్తిగా తాకకుండా గాలి మీద కూర్చుంటుంది. తామరాకు ఈ పనిని కొలనులో, కదలకుండా, వీపుసంచి మోయకుండా చేస్తుంది. జాకెట్టు అదే పనిని బురదలో, కొమ్మలకు ఒరుసుకుంటూ, ఒంటి జిడ్డును భరిస్తూ చేయాలి. కొన్నాళ్లకు పూత అరుగుతుంది, పైగుడ్డ నీటిని పీల్చుకుని బరువెక్కుతుంది. లోపలి పొర అప్పటికీ వానను ఆపుతూనే ఉంటుంది. కాకపోతే తడిగుడ్డ వల్ల చెమట ఆవిరికి దారి మూసుకుపోయి, అది చల్లబడి లోపలే బొట్లు కడుతుంది. అప్పుడు యజమాని జాకెట్టు కారుతోందని ప్రకటిస్తాడు. నిజానికి కారుతున్నది యజమాని.

దీనికి చికిత్స, బట్టలను మెత్తబరిచే ద్రవాలేవీ కలపకుండా జాకెట్టును తగిన సబ్బుతో ఉతికి, దాని లోపల కుట్టిన చీటీ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టడం. ఆ వేడికి పూత తిరిగి లేచి నిలబడుతుంది. నీటిని తట్టుకోవడానికి కొన్న వస్తువు నీటిలో నానితే తప్ప నీటిని తట్టుకోదన్న ఈ సత్యం చాలామందికి మింగుడు పడక, ఉతికితే పాడవుతుందని ఏళ్ల తరబడి దాచుకుని, ఉతకకుండానే పాడుచేసుకుంటారు. పూతలకు ఇన్నాళ్లూ వాడిన ఫ్లోరిన్ రసాయనాలు నేలలోనూ నీటిలోనూ చెక్కుచెదరకుండా పేరుకుపోతున్నాయని తేలి, తయారీదారులు వాటిని మానుకుంటున్నారు. కొత్త పూతలు నీటిని విదిలించినంత బాగా జిడ్డును విదిలించలేవు కనుక, ఇకపై ఉతుకుడు ఇంకా పెరుగుతుంది.

వాన అంటకుండా బతికే ప్రాణి ఒకటి ఉందని మన భాష ఎప్పుడో తేల్చింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అనేటప్పుడు మనం దాన్ని తిడుతున్నామని అనుకుంటాం కానీ, అసలు మన గొంతులో వినిపించేది అసూయ. అయితే దున్నపోతును ఆదర్శంగా తీసుకునే సైక్లిస్టు ఒక చిక్కును గమనించాలి. దానికి స్వేద గ్రంథులు ఆవుల కంటే చాలా తక్కువ. చెమటతో చల్లబడలేదు కనుకే వేడెక్కినప్పుడు వెళ్లి బురదలో పొర్లుతుంది. మనకు చెమటా పడుతుంది, చివరికి బురదలోనూ పొర్లుతాం. ఏ విధంగా చూసినా దున్నపోతు మన కంటే పొదుపరి.

ఇక ఆధ్యాత్మికమైన తడి. ఎత్తు ఎక్కేటప్పుడు పెడళ్ల మీద 200 వాట్ల శక్తి పెట్టేవాడి ఒంట్లో దానికి దాదాపు మూడింతలు, అంటే 600 వాట్లు, వేడిగా మారుతుంది. ఎందుకంటే మన కండరాలు తిన్నదానిలో సుమారు నాలుగో వంతునే పనిగా మార్చగలవు. అంటే అతను జాకెట్టు లోపల ఒక చిన్న గది హీటరును వెలిగించి, జిప్పు గడ్డం దాకా లాగి, కొండ ఎక్కుతున్నాడన్నమాట. ఆ వేడినంతా చెమటే మోసుకుపోవాలంటే గంటకు దాదాపు 900 మిల్లీలీటర్ల నీరు ఒంటి మీదనుంచి ఆవిరి కావాలి. చీటీ మీది రెండో అంకె దీని గురించే: చదరపు మీటరు బట్టలోంచి రోజుకు 20,000 గ్రాముల ఆవిరి పోతుందని రాసి ఉంటే, గంటకు 830 గ్రాముల పైచిలుకు. ఒక మనిషి జాకెట్టుకు పట్టే బట్టను కూడా లెక్కలోకి తీసుకుని, సమస్య పరిష్కారమైందని నేను ఒక సాయంత్రం ఎంతో సంతోషించాను. మర్నాడు వాన పడింది.

ప్రయోగశాలలో ఆ కొలత తీసేటప్పుడు బట్టకు ఒకవైపు తేమ, రెండోవైపు పొడి ఉంటాయి. ఆవిరి ఎక్కువ ఉన్న చోటినుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. వానాకాలపు అడవిలో బయటి గాలి ముందే నీటితో నిండిపోయి ఉండగా, నా చెమట ఏ ఖాళీని చూసుకుని వెళ్లాలి? పైగా నిటారు ఎక్కుడులో గంటకు ఆరేడు కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి గాలి కూడా సాయం రాదు. చంకల కింద జిప్పులున్న జాకెట్టు కొంత మేలు. అంతకన్నా మేలైనది అనుభవజ్ఞులు చెప్పేది: బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, చిన్న జల్లయితే ఎక్కుడులో జాకెట్టు విప్పేయాలి, పైకి చేరాక దిగే ముందు వేసుకోవాలి. ఈ సలహాను నేను అక్షరాలా పాటించి చూశాను. వానలో వేసుకోవడానికి కొన్న జాకెట్టును వాన పడుతుండగా విప్పి, మడిచి, సంచిలో భద్రపరిచాను. అది మాత్రం చుక్క తడవలేదు.

మిగిలింది భూతాల పద్దు. పరిగెత్తే చక్రం నేలను తాకే చోట కదలదు, పైభాగంలో సైకిలుకు రెట్టింపు వేగంతో ముందుకు పోతుంది. అందుచేత టైరుకు అంటిన బురద పైకి లేచి, ముందుకు ఎగిరి, గాలికి నెమ్మదించి, వెనకే వస్తున్న మొహం కోసం వేచి ఉంటుంది. వెనక చక్రం తన వంతుగా నడుము కింది నుంచి మెడ దాకా నిలువుగా ఒక గీత గీసి, సీటు మీదుగా నిక్కరులోకి ఒక కాలువ తవ్వుతుంది. వేలకు వేలు పోసి కొన్న బట్టలు చేయలేని పనిని ముందు ఫోర్కుకు ప్లాస్టిక్ పట్టీలతో కట్టిన ఒక వంపు ముక్కా, సీటు కింద దోపిన మరో ముక్కా చేస్తాయి. మడ్‌గార్డు అందాన్ని చెడగొడుతుందని వాటిని నిరాకరించేవారు నాకు తెలుసు. వారి అందం ఏదో బురద కింద క్షేమంగానే ఉండి ఉంటుంది.

గుంతలో నీరు నిలిచి ఉంటే పక్కనుంచి తప్పుకుపోవచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. కూడదు. అందరూ పక్కలకు తిరిగితే బాట వెడల్పై, గట్లు అరిగి, రేపటికి గుంత చెరువవుతుంది. కాబట్టి మర్యాద తెలిసినవాడు గుంత మధ్యలోంచే పోవాలి. నేల మరీ మెత్తబడి టైరు లోతుగా దిగబడుతుంటే అసలు వెనక్కి తిరగాలి. పొడిగా ఉండటానికి ఇంత తాపత్రయపడి, తీరా నీరు కనబడినప్పుడు ధర్మబద్ధంగా దాని నట్టనడుమకు వెళ్లవలసి రావడం ఈ క్రీడ ప్రత్యేకత.

అటువంటి ఒక గుంతలోనే నా వాటర్‌ప్రూఫ్ సాక్సుల గొప్పతనం తెలిసింది. అవి చీలమండ పైదాకా ఉన్నాయి, గుంత అంతకు రెండంగుళాలు పైదాకా ఉంది. లోపలికి వచ్చిన నీరు ఇక బయటికి పోలేదు. నీటిని దాటనివ్వబోమన్న మాటను సాక్సులు రెండువైపులా నిలబెట్టుకున్నాయి. నేను చెరో చిన్న చెరువును మోసుకుంటూ రెండు గంటలు తొక్కాను. తర్వాత తెలిసినదేమంటే, పొడవు నిక్కరు అంచును సాక్సుల మీదికి జార్చాలి కానీ లోపలికి దోపకూడదు. పెడలుకు బిగుసుకునే క్లీటు అనే ముక్కను అడుగున బిగించిన బూట్లయితే అరికాలి బోల్టు రంధ్రాలను లోపలినుంచి టేపుతో మూయాలి.

మునిగినవాడికి చలేమిటన్న సామెతను ఇక్కడ గౌరవపూర్వకంగా ఖండించాలి. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాక్కుపోతుంది. ఎక్కుడులో చెమటకు తడిసినవాడు దిగుడులో ఎదురుగాలికి వణుకుతుంటే అతనికి సామెత పనికిరాదు, ఉన్ని పనికొస్తుంది. మెరినో గొర్రెల ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పోగుల్లోనే దాచుకుని, పైకి ఏమీ ఎరగనట్టు వెచ్చగా ఉంటుంది. నూలుబట్ట తాగిందంతా ఒంటికి అతికించి చూపిస్తుంది. చేతులకు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు గ్లవ్స్ ఉంటే తడిసినా వెచ్చదనం నిలుస్తుంది, బ్రేకు మీటను వేళ్లు మరిచిపోవు. పైన ఒక ప్లాస్టిక్ సంచిలో మరో పొడి జత ఉంటే ఆ రోజుకు అతనే సంపన్నుడు. కళ్లద్దాల సంగతి చెప్పను. పెట్టుకుంటే ఆవిరి, తీస్తే బురద.

కనుక కింద బండిలో ఒక తువాలు, పొడిబట్టలు, పొడి సాక్సులు వదిలి వెళ్లడమే ఈ శాస్త్రమంతటిలో ఎన్నడూ విఫలం కానిది. ఇంటికి చేరాక సైకిలును మెల్లటి ధారతో కడగాలి. ఒత్తిడి గొట్టంతో కొడితే, మనం రోజంతా ఆపలేకపోయిన నీరు బేరింగుల్లోకి కూడా వెళ్తుంది. చైనును తుడిచి, ఆరనిచ్చి, తడి వాతావరణానికి పనికొచ్చే నూనె వేయాలి. బూట్లను పొయ్యి పక్కన పెట్టకుండా, లోపలి అట్టలు తీసేసి, పాత వార్తాపత్రికలను నలిపి కూరి, గంట గంటకూ మార్చాలి. నా అనుభవంలో నిగనిగలాడే రంగుల అనుబంధం తడిని తాకను కూడా తాకదు. సంపాదకీయం ఓ మోస్తరుగా పీలుస్తుంది. నా పాత వ్యంగ్య వ్యాసాలు ఉన్న పేజీలు ఒక రాత్రిలో రెండు బూట్లనూ ఎండగట్టాయి. దీన్ని తెర మీద చదువుతున్నవారికి మాత్రం ఆ ప్రయోజనం దక్కదు.