శ్రీయుత హైమాస్ట్ లైటు గారికి ఒక మనవి

దేవరకొండ ప్రాంతంలోని మా ఊరి చౌరస్తాలో కొలువై ఉన్న శ్రీయుత హైమాస్ట్ లైటు గారికి నమస్కరించి రాయునది.

తమరు వచ్చాక ఊరికి వెలుగు వచ్చిందన్నారు, కాదనను. తమరి ఆరు దీపాల్లో రెండు వేపచెట్టు చిటారు కొమ్మలను, రెండు బస్సు రాని బస్టాండు పైకప్పును, మిగిలినవి నేరుగా ఆకాశాన్ని ఉద్ధరిస్తున్నాయి. స్తంభం మొదట్లో ఉన్న మూతలేని మోరీ మాత్రం బర్రెలు కాలు జారేంత చీకట్లోనే ఉంది. మోరీ సంగతి గ్రామసభ చూసుకుంటుంది. నా ఫిర్యాదు ఆకాశం గురించి.

ఆకాశానికి తమరు వెలుగు అరువియ్యనక్కరలేదు. పగటి ఎండకు విడిపోయిన ఆక్సిజన్ పరమాణువులు రాత్రి తిరిగి కలుస్తూ, సుమారు 97 కిలోమీటర్ల ఎత్తున 557.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతాయి. మే నెలలో కొల్లాపూర్ మామిడితోటల మీద విరుచుకుపడే ఉరుముల వాన కాయలు రాల్చి ఊరుకోదు; అది కుదిపిన గాలి, కిందికి లాగే గురుత్వానికీ పైకి తేల్చే బలానికీ మధ్య ఊగుతూ, అలలుగా పైకి సాగిపోతుంది. 90 కిలోమీటర్ల దగ్గర గాలి సాంద్రత నేల మీదిదానిలో లక్షో వంతు కూడా ఉండదు కనుక, కింద ఎవరికీ పట్టని ఆ కదలిక అక్కడికి చేరేసరికి పెద్ద అలగా పెరిగి, చివరికి విరిగి, తాను మోసుకొచ్చిన ఊపునంతా అక్కడి గాలులకు అప్పగిస్తుంది. అల నడిచిన దారిలో సాంద్రత, ఉష్ణోగ్రత ఎగుడుదిగుడై ఆ వెలుగు చారలు కడుతుంది. తిరుపతి దగ్గరి గాదంకిలోనూ, భూమధ్యరేఖకు మరింత చేరువైన తిరునెల్వేలిలోనూ ఆకాశమంతటినీ ఒకే గుండ్రని చిత్రంలో పట్టే కెమెరాలతో ఈ చారలను చిత్రించి, అల పొడవూ వేగమూ అది సాగే దిక్కూ లెక్కగట్టారు. ఉష్ణమండలపు ఉరుము మేఘాలే ఇటువంటి అలలకు పెద్ద పుట్టిల్లు కాబట్టి అక్కడి చూపుకు అంత విలువ.

తమరి కన్నా ముందు ఇక్కడ వెలిగిన పసుపుపచ్చ సోడియం లైటుకు కాస్త మర్యాద తెలుసు. దాని వెలుగు ఎక్కువగా 589 నానోమీటర్ల చుట్టూనే ఉండేది. ఉల్కల నుంచి రాలి, సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన సోడియం వెలిగేదీ ఆ రంగులోనే గనుక, దెబ్బ ముఖ్యంగా కెమెరాలో ఆ రంగును మాత్రమే లోపలికి వదిలే ఒక్క ఫిల్టరుకే తగిలేది. తమరి తెల్లదనానికి అటువంటి మొహమాటాలు లేవు. ఆకుపచ్చనూ, సుమారు 250 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగే 630 నానోమీటర్ల ఎరుపునూ కలిపి మింగేస్తుంది. చాలావరకు తప్పించుకునేది హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల జత) వెదజల్లే పరారుణ కాంతి. అది మన కళ్లకు ఎలాగూ ఆనదు.

మా ఇంటర్ పిల్లలతో మామూలు కెమెరాతోనే ఆ ఆకుపచ్చ చారలను తీయించాలని నా కోరిక. దానికి చంద్రుడూ మబ్బులూ లేని రాత్రి కావాలి. తమరేమో ఆకాశమే కనబడని ముసురు రోజుల్లో క్రమం తప్పకుండా ఆరిపోయి, వేసవి అమావాస్యకు మాత్రం రెట్టింపు హుషారుగా విధుల్లో ఉంటున్నారు. కావున ఈ ఏటి శ్రావణమాసపు సెలవులను రద్దు చేసుకొని, వాటిని ఫాల్గుణ, చైత్ర అమావాస్యలకు బదిలీ చేసుకోగలరని ప్రార్థన.

ఇట్లు,
తమరి వెలుగులో నక్షత్రాలు కానరాని
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు