బెజవాడలో రాక్ వినేవాళ్లు లేరనడం అబద్ధం

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కాలేజీ ఫెస్టుల్లో ఊపేసిన ఒక విజయవాడ రాక్ బ్యాండ్ రెండు మూడేళ్లకే ఎందుకు కనపడకుండా పోయిందో అందులో ఐదు ముక్కల్లో తేల్చేశారు. తెలుగువాళ్లకు సినిమా పాట తప్ప ఏదీ ఎక్కదట. రాక్ అనేది మహానగరాల సరుకట, మన ఊళ్లలో మొలవదట. కాస్త పాడగలిగినవాణ్ని సినిమావాళ్లు ఎగరేసుకుపోతారట. అసలు సత్తా ఉంటే యూట్యూబ్ చాలు, స్టేజీతో పనేముందట. చివరాఖరుకు, విడిపోయిన బ్యాండ్ అంటేనే ఓడిపోయిన బ్యాండట.

నేనూ అలాంటి ఒక బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించాను. లెక్కల పుస్తకం కూడా నా దగ్గరే ఉండేది. బ్యాండ్ పేరు చెప్పను, చెప్పినా మీకు గుర్తుండదు. ఆ మెసేజ్ నాకు పంపింది మా కీబోర్డ్ ప్లేయరే, కింద రెండు చప్పట్ల బొమ్మలు కూడా పెట్టాడు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

మొదటి ముక్క, సినిమా పాట తప్ప ఎక్కదన్నది. ఈ మాట ఇంకెక్కడ కూర్చుని అన్నా సరే గానీ, ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఉన్న ఊళ్లో అనకూడదు. 1948 డిసెంబరులో మొదలైన ఆ కేంద్రం దశాబ్దాల పాటు లలిత గీతాలు వినిపించింది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. పొద్దున్నే భక్తిరంజని మోగనిదే కాఫీ దిగని ఇళ్లు ఉండేవి. అవన్నీ సినిమా పాటలా? ఘంటసాల పద్యాల రికార్డులు కొన్నదెవరు? ప్రజానాట్యమండలి పాటలకు రాత్రంతా కూర్చున్నదెవరు?

గుంటూరు సంగతి ఇంకా బాగుంటుంది. హెయర్ అనే లూథరన్ మిషనరీ ఆ ఊరొచ్చింది 1842లో. ఆ మిషన్ పెట్టిన ఏసీ కాలేజీ, అంటే ఆంధ్ర క్రైస్తవ కళాశాల చరిత్ర 1885 నుంచి మొదలవుతుంది. ఇవాళ ఆదివారం పొద్దున గుంటూరులో కాస్త పెద్ద చర్చి ఏదైనా సరే, వెళ్లి చూడండి. డ్రమ్స్, కీబోర్డు, ప్యాడ్స్, బేస్ గిటార్ అన్నీ ఉంటాయి. నాకు తెలిసిన డ్రమ్మర్లలో చాలామంది స్టిక్స్ మొదట పట్టింది అక్కడే. మా డ్రమ్మరూ అంతే. వారం వారం, నిండు హాల్లో, సినిమా పాట కాని పాటకు వాయించి వాయించి చెయ్యి తిరిగినవాడు. అంత మంచి బడి బయట డబ్బు కట్టినా దొరకదు. మన రాక్ గురించి మాట్లాడేవాళ్లు మాత్రం ఈ సంగతి ఎత్తరు, ఎందుకో తెలీదు.

రెండో ముక్క, ఊరు చిన్నదన్నది. దీని మీదే నాకు ఎక్కువ కోపం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అని ఒక ఊరుంది. యూనివర్సిటీ తప్ప చెప్పుకోదగ్గది పెద్దగా లేని ఊరు. 1980లో ఆ కౌంటీ మొత్తం కలిపినా లక్ష జనాభా లేదు. మన విజయవాడ 2011 జనాభా లెక్కలకే పది లక్షలు దాటింది. ఆ ఏథెన్స్‌లో రికార్డుల షాపులో పనిచేసే కుర్రాడు పీటర్ బక్, అక్కడికి రికార్డులు కొనడానికి వచ్చే ఆర్ట్ స్టూడెంట్ మైకేల్ స్టైప్ స్నేహితులయ్యారు. వీళ్లకు మైక్ మిల్స్, బిల్ బెర్రీ తోడయ్యారు. 1980 ఏప్రిల్ 5న, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి మొదటిసారి వాయించారు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆర్.ఇ.ఎం. రాక్ బ్యాండ్ పుట్టుక అదీ.

1981లో మొదటి సింగిల్‌ను, అంటే విడి పాట రికార్డును, ఒక చిన్న రికార్డు కంపెనీ వేసింది. తర్వాత ఐ.ఆర్.ఎస్. అనే ఇండిపెండెంట్ కంపెనీ. 1983లో వచ్చిన తొలి ఆల్బమ్‌ను రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచారు. పెద్ద కంపెనీ వార్నర్‌తో సంతకం చేసింది 1988లో. అంటే ఎనిమిదేళ్లు చిన్న కంపెనీలతోనే, వ్యాన్ ఎక్కి ఊరూరా తిరిగి వాయించారు. అన్ని పాటలకూ నలుగురి పేర్లూ సమానంగా వేసుకున్నారు, ఎవరు రాసినా సరే. డబ్బు దగ్గర తగాదా రాకుండా వాళ్లు చేసిన తెలివైన పని అది. మేం ఆ పని చేయలేదు. మా మొదటి పాట ట్యూన్ ఎవరిదన్న గొడవ ఇప్పటికీ తేలలేదు.

ఏథెన్స్‌లో ఏముంది, మన దగ్గర ఏం లేదు అంటే, తెలివితేటలు కాదు, చెవులు కాదు. 40 వాట్ లాంటి చిన్న క్లబ్బులు. వంద, రెండొందల మంది నిలబడే గది, టికెట్ తీసుకుని లోపలికొచ్చే స్టూడెంట్లు, మళ్లీ వచ్చే వారం ఇంకో బ్యాండ్. బి-52స్, పైలాన్ అనే బ్యాండ్లు కూడా ఆ ఊరివే. బీటిల్స్ అయినా లివర్‌పూల్‌లో కావెర్న్ అనే నేలమాళిగలో దాదాపు మూడొందల సార్లు వాయించాకే బీటిల్స్ అయ్యారు. చెయ్యి తిరిగేదీ, ఏ పాట నిలబడుతుందో ఏది పడిపోతుందో తెలిసేదీ అలాంటి గదుల్లోనే.

మన దగ్గర ఏమున్నాయి? తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది, గుంటూరులో వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది. రెండూ నాటకాలకూ సన్మాన సభలకూ పనికొచ్చే పెద్ద హాళ్లు. ఆ పైన కన్వెన్షన్ సెంటర్లు, అవి పెళ్లిళ్లకి. ఇటు పక్కన కాలేజీ ఫెస్టులు, అక్కడ టికెట్ ఉండదు, పేమెంట్ ఉంటే ఉంటుంది. నడుమ ఏమీ లేదు. 150 మంది పట్టే గది, మంచి స్పీకర్లు, 200 రూపాయల టికెట్ అనుకోండి. నిండితే 30 వేలు వస్తుంది. నలుగురు కుర్రాళ్లు నెలకు రెండుసార్లు అలా వాయిస్తే బ్యాండ్ బతుకుతుంది. 500 లోపు టికెట్ ఉన్న సంగీత కచేరీకి జీఎస్టీ కూడా లేదు. ఎవరూ ఆ గది కట్టలేదు, అంతే.

ప్రాక్టీసుకు చోటు మరో తంటా. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. డ్రమ్స్ గట్టిగా వాయిస్తే వంద దాటుతుంది. పటమటలో మేం తీసుకున్న గదికి గోడలనిండా పరుపులు కట్టాం. అయినా పైపోర్షన్ పిన్నిగారు సీరియల్ టైముకి కిందకి దిగొచ్చేవారు. ఆవిడ తప్పేం లేదు, నిజంగానే భరించలేనంత చప్పుడు.

మూడోది, సినిమావాళ్లు ఎగరేసుకుపోయారన్నది. ముంబయిలో విశాల్ దద్లానీ ఒక పక్క హిందీ సినిమాలకు సంగీతం చేస్తూనే ఇంకో పక్క పెంటాగ్రామ్ రాక్ బ్యాండ్‌లో ఏళ్ల తరబడి పాడాడు. ఎ.ఆర్. రెహమాన్ సినిమాల్లోకి రాకముందు చెన్నైలో రాక్ బ్యాండ్లలో కీబోర్డ్ వాయించినవాడే. సినిమా పని దొరికితే ఆ డబ్బుతో గిటార్‌కి కొత్త ఆంప్లిఫయర్ వస్తుంది. మన కుర్రాళ్లను ఎత్తుకుపోయింది సినిమా కాదు, క్యాంపస్ ప్లేస్‌మెంట్. బీటెక్ రెండో ఏట బ్యాండ్ కడతారు, మూడో ఏట పేరొస్తుంది, నాలుగో ఏట ఆఫర్ లెటర్లు వస్తాయి. ఒకడు హైదరాబాదు, ఒకడు బెంగళూరు, ఒకడు ఎమ్మెస్‌కి అమెరికా. మా బ్యాండ్ కూడా మా డిగ్రీతోనే అయిపోయింది. దీనికి ఇంట్లోవాళ్లను తిట్టేవాళ్లున్నారు, నేను తిట్టను. నెలకు రెండు షోలు కూడా చూపించలేని పనికోసం ఉద్యోగం వదులుకోమని ఏ తండ్రి చెప్తాడు?

నాలుగో ముక్క చదివితే ఇది రాసినాయన ఎప్పుడూ ఒక్క పాటా అప్‌లోడ్ చేసి ఉండడని తెలిసిపోతుంది. యూట్యూబ్‌లో యాడ్ డబ్బులు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. సరే, కష్టపడి అక్కడిదాకా వెళ్లారనుకోండి. కొత్త బ్యాండ్‌కి వ్యూస్ తెచ్చేది సొంత పాట కాదు, సినిమా పాట కవర్, అంటే ఉన్న పాటనే మళ్లీ మనం వాయించి పాడటం. ఆ కవర్ పెట్టగానే మ్యూజిక్ కంపెనీ కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, యాడ్ డబ్బు అటు పోతుంది. స్పాటిఫై అయితే 2024 నుంచి, ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు వినని పాటకు రాయల్టీయే లెక్కకట్టడం లేదు. వెయ్యి దాటినా వచ్చేది గిటార్ తీగల సెట్టుకి చాలదు.

ఇంకో చిక్కుంది. ఫోన్‌లో పదివేల మంది చూశారంటే వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారు? దుబాయ్‌లో కొందరు, డాలస్‌లో కొందరు, అనకాపల్లిలో కొందరు. వాళ్లందరినీ ఒక శనివారం సాయంత్రం బెంజ్ సర్కిల్‌కి రప్పించలేం కదా. పాట వినేవాళ్లు దొరకడం వేరు, బ్యాండ్ నడవడం వేరు. యూట్యూబ్ మొదటిది చేస్తుంది, రెండోది చేయదు.

మెసేజ్‌లో కొంత నిజం లేకపోలేదు. మా తరం బ్యాండ్లు కవర్లు వదిలి సొంత పాటలు రాయడానికి బద్ధకించాయి. రాసినా ఇంగ్లిష్‌లో రాశాం, అదీ ఎవరి యాసలోనో. కేరళ కుర్రాళ్లు అవియల్ పేరుతో బ్యాండ్ కట్టి, అచ్చ మలయాళంలో రాక్ పాడి, 2008లో ఆల్బమ్ తెచ్చారు. అక్కడేం సినిమా పాటలు తక్కువా? గుంటూరు యాసలో గట్టిగా ఒక పాట పాడి ఉంటే జనం ఇంకాస్త గుర్తుపెట్టుకునేవాళ్లు. దానికి శ్రోతల్ని నిందించడం దేనికి?

ఇక ఐదోది. విడిపోవడమే ఓటమి అయితే బీటిల్స్ 1970లో ఓడిపోయారు. ముంబయి బ్యాండ్ ఇండస్ క్రీడ్ 1984లో రాక్ మెషీన్ పేరుతో మొదలై, 1997లో ఆగి, 2010లో మళ్లీ కలిసింది. అది ఓడి గెలిచిందా, గెలిచి ఓడిందా? ఆర్.ఇ.ఎం. డ్రమ్మర్ బిల్ బెర్రీ 1997లో చాలనుకుని తప్పుకున్నాడు. మిగతా ముగ్గురూ 2011 దాకా నడిపి, ఎవరితో ఎవరూ పోట్లాడుకోకుండా ఆపేశారు.

మేమూ ఆపేశాం. మా గిటారిస్టు ఇప్పుడు బ్రాడీపేటలో సాయంత్రాలు పిల్లలకు గిటార్ చెప్తున్నాడు, ఫీజు గట్టిగానే తీసుకుంటాడు. డ్రమ్మర్ బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం చర్చిలో వాయిస్తున్నాడు. కీబోర్డ్ ప్లేయరేమో మెసేజ్‌లు పంచుతున్నాడు. ఒరేయ్, నువ్వు ఇది చదువుతుంటే, ఈసారి కనీసం ఆ ఐదో ముక్క తీసేసి పంపరా.