37వ పేజీ

తెలుగువాళ్లం ఒకడు సెటిలయ్యాడంటే ఉద్యోగం, ఇల్లు, పెళ్లాం, పిల్లలు అన్నీ అమరాయని అర్థం చేసుకుంటాం. బ్రిటన్ హోమ్ ఆఫీసు మాత్రం అదే మాటను, గడువు లేకుండా ఆ దేశంలో ఉండే అనుమతి దొరికినవాడికి వాడుతుంది. ఆ లెక్కన ఐదేళ్లు ఉద్యోగం చేసిన నేను సెటిలయ్యాను కానీ, నా వెనక రెండేళ్లకు వచ్చిన మా ఆవిడా, అంతకుముందే విశాఖలో పుట్టిన మా అబ్బాయీ ఇంకా డిపెండెంట్లుగానే ఉన్నారు. సెటిలైన తండ్రికి ఆ దేశంలోనే పుట్టి ఉంటే వాడు పుడుతూనే పౌరుడయ్యేవాడట, మావాడు తొందరపడ్డాడు.

ఇప్పుడు వాళ్లిద్దరి వీసాలూ పొడిగించాలి. ఆరోగ్య రుసుమే ఏడాదికి ఆవిడకు 1,035 పౌండ్లు, పిల్లవాడికి 776 పౌండ్లు, అదీ మూడేళ్లకు కలిపి ముందుగానే కట్టాలి. దరఖాస్తు బ్రిటన్‌లో ఉండగానే పెట్టాలి, ఫలితం రాకముందు దేశం దాటితే దాన్ని వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అందుకని సెలవులకు విశాఖ వచ్చినప్పుడే కాగితాలన్నీ సిద్ధం చేసుకుందామని, మా బావమరిది మాట విని ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెంటును కలిశాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

దంపతుల బంధం నిజమైనదనీ, ఇంకా కొనసాగుతోందనీ రుజువు చూపాలని నిబంధన. ఒకే చిరునామాకు ఇద్దరి పేర్లతో వచ్చిన బిల్లులు, బ్యాంకు ఉత్తరాలు చూపితే సరిపోయే ఈ పనికి, ఆ పెద్దమనిషి మేము విడిగా ఉన్న రెండేళ్ల వాట్సాప్ సంభాషణ మొత్తం ప్రింటు తీయించమన్నాడు. "ఎంత మందం ఉంటే అంత బలం సార్" అని కూడా అన్నాడు. ఆయన ఫీజు కూడా ఆ సూత్రం మీదే నడుస్తుందని నాకు తరవాత తెలిసింది.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి జిరాక్స్ షాపులో, కాగితాలు వేళ్లకు అంటుకుపోయే ఉక్కపోతలో, నా సంసారం ఒక్కొక్క పేజీగా బయటికి రావడం మొదలైంది. 36 పేజీలు సజావుగానే వచ్చాయి. 37వ పేజీలో ఒకచోట సిరా సరిగ్గా అందలేదు. షాపు కుర్రాడు వృత్తి మీద భక్తి ఉన్నవాడు కావడంతో, మెషీను రొదను మించిన గొంతుతో ఆ పేజీని చదవసాగాడు.

"'పిన్ని పంపిన అరిసెలు తిన్నారా?' అని మేడమ్ అడిగారు సార్. 'గాలికి కొట్టుకోకుండా తలపుకి అడ్డం పెట్టాను' అని మీరన్నారు. తలపుకి అడ్డం పెట్టడం ఏమిటి సార్?"

మేము తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాము. సిరా అందని ఆ ఒక్క అక్షరం 'యు' అయితే తలుపు, 'ఏ' అయితే తలపు. మామూలుగా ఈ తేడా ఎవరికీ పట్టదు కానీ, వరసలో నా వెనక ఆధార్ కార్డు జిరాక్సు కోసం నిలబడ్డది మా అత్తగారి సొంత చెల్లెలు, అంటే సాక్షాత్తూ ఆ అరిసెలు పంపిన పిన్ని. నా పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది. అది జనవరి చలిలో లండన్ దాకా ప్రయాణం చేస్తే ఇక దాన్ని భోజన పదార్థాల్లో కాక గృహనిర్మాణ సామగ్రిలో చేర్చడమే న్యాయం. పైగా ఆ తలుపు ఆ చలికాలమంతా ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. ఈ వాదన ఏదీ ఆ క్షణంలో నా నోటికి రాలేదు.

"తలపే బాబూ, తలపే" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

"కుదరదు సార్, తలపు గాలికి కొట్టుకోదు కదా" అన్నాడు వాడు. పేజీని దీపం వెలుగుకు ఎత్తి చూసి, "తలుపే సార్!" అని పరీక్ష పాసైనంత సంబరంగా ప్రకటించాడు. వరసలో ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నారు. ఒకాయన అరిసెలు ఎన్ని పెట్టారని కూడా అడిగాడు.

చిన్నత్తగారు నా వైపు చూడకుండా తన జిరాక్సు తీసుకుని, "వస్తాను అల్లుడుగారూ, వెళ్లేటప్పుడు తలుపు వేసి వెళ్లండి" అని వెళ్లిపోయారు. ఆ షాపుకు షట్టరే తప్ప తలుపు లేదు.

సాయంత్రం కన్సల్టెంటు ఫోన్ చేసి, సంభాషణ తెలుగులో ఉంది కనుక ప్రతి పేజీకీ ఇంగ్లీషు అనువాదం, దానికి అనువాదకుడి ధ్రువీకరణ ఉండాలనీ, పేజీకి ఇంత అవుతుందనీ చెప్పాడు. అన్నీ వద్దనుకుంటే కనీసం 37వ పేజీ అయినా చేయించమన్నాడు. అందులో అత్తవారితో ఆప్యాయత బాగా కనబడుతోందట. మా ఆవిడతో ఒక మాట అడిగి చెబుతానన్నాను. ఆవిడ మధ్యాహ్నం నుంచి వాళ్ల పిన్నిగారింట్లోనే ఉంది, ఫోన్ ఎత్తడం లేదు.